ప్రతిలో చోటు చూపుట : ఆత్రేయపుర వృత్తాంతపు ఫైలు ఆధారముగా ఒక పరిశీలనము

ఆంధ్రమహాభారతమున నన్నయభట్టారకుని రచన ఎచ్చట నిలిచినది, ఎఱ్ఱాప్రగ్గడ పూరణము ఎచ్చట మొదలైనది అను ప్రశ్నకు తెలుగు విద్యార్థి తడుముకొనకుండ చెప్పు సమాధానమొకటి కలదు: అరణ్యపర్వము, నాలుగవ ఆశ్వాసము, 142వ పద్యము. ఈ సమాధానమున ముద్రణాలయపు పేరు లేదు, పుటసంఖ్య లేదు, ప్రతిని భద్రపరచిన భాండాగారపు ప్రసక్తి లేదు. పర్వము, ఆశ్వాసము, పద్యము అను మూడు మెట్లు మాత్రమే యున్నవి. తాటియాకుపై చదివినవాడును, అచ్చుపుస్తకమున చదివినవాడును, నేడు కంప్యూటరు తెరపై చదువుచున్నవాడును ఆ మూడు మెట్లు దిగి ఒకే చోటికి చేరుచున్నారు. గద్యములను లెక్కించు పద్ధతిని బట్టి పరిష్కర్తల నడుమ ఒకటి రెండంకెల తేడా రావచ్చును. ఐనను వెదకువాడు దారి తప్పడు. 11వ శతాబ్దిలో రాజమహేంద్రవరమున ఆరంభమైన గ్రంథమునందలి చోటును నేడు ఇంత నిశ్చయముగా చూపగలుగుట సామాన్యమైన సంగతి కాదు.

గ్రంథములోపలి చోటును చూపు సాధనములు చెడినపుడు తప్ప చర్చకు రావు. కంప్యూటరునందు దాచుకొన్న హెచ్.టి.ఎం.ఎల్. ఫైలులో విషయసూచిక నుండి ఆయా ప్రకరణములకు పోవు లింకులు కొన్ని యుండును. బ్రౌజరున తెరచినపుడు సరిగా పనిచేయు ఆ లింకులే, సహాయపత్రములను చూపుటకై ఏర్పడిన హెల్ప్ వ్యూయరు అను కార్యక్రమమున తెరచినపుడు కొన్నిచోట్ల పనిచేయవు. పైకి ఇది యంత్రజ్ఞులు సవరించుకొనవలసిన చిన్న లోపముగా తోచును. కాని దీని మూలము రెండు వేర్వేరు లేఖన సంప్రదాయములు ఒకచోట కలియుటలో నున్నది. దీనికి సజాతీయమైన చిక్కును తెలుగు ప్రతుల చరిత్ర ఇదివరకే ఎరుగును. ఈ రెండు మాటలను నిరూపించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

మొదట తాళపత్రమును చూతము. ప్రతిలో ఆకునకు సంఖ్య యుండును. ఆ సంఖ్య ఆకునకు చెందినదే గాని గ్రంథమునకు చెందినది కాదు. నిడుపాటి ఆకులు దొరికిన లేఖకుడు నూరాకులలో ముగించిన గ్రంథమును, పొట్టి ఆకులు దొరికిన లేఖకుడు నూటయేబది యాకులలో వ్రాయవచ్చును. కావున ‘37వ ఆకు, రెండవ వైపు’ అను నిర్దేశము ఆ ప్రతి చేతనున్నవానికే ఉపకరించును. అట్లని అది వ్యర్థమనరాదు. త్రాడు తెగి ఆకులు చెదరినపుడు వానిని మరల వరుసగా కూర్చుటకు ఆ సంఖ్యయే దిక్కు. ఆశ్వాసము, పద్యసంఖ్య యను విభాగములు మాత్రము ఆకుల పొడవుపై ఆధారపడవు; గ్రంథము ఏ దేహము ధరించినను దానితో వచ్చును. మొదటి విధమును ప్రతిగత నిర్దేశమనియు, రెండవ విధమును గ్రంథగత నిర్దేశమనియు ఇచట వ్యవహరింతును.

అచ్చు వచ్చిన పిదప పుటసంఖ్య ఆకుసంఖ్య స్థానమును ఆక్రమించినది. ఒక్క ముద్రణమునకు వేలకొలది ప్రతులు ఒకే తీరున నుండుటచే ప్రతిగత నిర్దేశము గ్రంథగతమేమో యన్న భ్రమ కలిగినది. రెండవ కూర్పు వెలువడినంతనే ఆ భ్రమ తొలగును. పరిశోధకులు కూర్పును పేర్కొనక పుటసంఖ్యను మాత్రమే యిచ్చు అలవాటు నేటికిని పూర్తిగా పోలేదు.

పద్యసంఖ్య యున్నంతమాత్రమున చిక్కు తీరుననుకొనుటయు సరికాదు. వేమన పద్యములు ఇందుకు చక్కని నిదర్శనము. సి.పి. బ్రౌను 1829లో ప్రకటించిన కూర్పున 693 పద్యములున్నవి. 1839 నాటి కూర్పున 1,164 ఉన్నవి. వేమన పద్యములు ముక్తకములు. వానికి కథాక్రమము లేదు. పరిష్కర్త పెట్టినదే క్రమము. కావున మొదటి కూర్పులోని సంఖ్యను చేతబట్టుకొని రెండవ కూర్పులో వెదకువానికి అదే పద్యము దొరకునను నమ్మకము లేదు. సంఖ్య పద్యమునకు కట్టబడక, వరుసకు కట్టబడియుండుటయే ఇందుకు కారణము. వరుస మారినంతనే సంఖ్య మరొక పద్యమును చూపును. ఏమియు చూపకుండుట కంటె ఇది యెక్కువ ప్రమాదకరము.

నిఘంటువులలో ఇంకొక తీరు కనబడును. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము 1885లో వెలువడినది. అందు ప్రయోగములకు ఆకరములను చూపునపుడు భారతమందలి పర్వమును, ఆశ్వాసమును తెలిపి సామాన్యముగా అంతటితో విడిచిపెట్టుట కలదు. చదువరి ఆశ్వాసము మొదట దిగి, అటనుండి కాలినడకన పోయి పద్యమును పట్టుకొనవలెను. ఈ శ్రమ యెట్టిదో ఆ నిఘంటువుతో పనిచేసిన వారందరికి తెలియును. ఆ నడకలో దొరకిన ఇతర ప్రయోగములు కొందరి వ్యాసములకు పనికివచ్చిన మాటయు నిజమే. హెల్ప్ వ్యూయరు కోరిన ప్రకరణమునకు పోక పత్రము మొదటిలోనే నిలిచిపోయినపుడు చదువరి కెదురగు స్థితి సరిగా ఇట్టిదే. భేదమొక్కటి కలదు. శబ్దరత్నాకరకారులు ఆశ్వాసము వరకే చూపుదునని ముందే చెప్పిరి. యంత్రము చోటు చూపుదునని చెప్పి చూపకుండును.

ఇక వెబ్బునకు వత్తము. సమాచారమును లింకులతో ముడివేయు తన ప్రణాళికను టిమ్ బెర్నర్స్-లీ 1989 మార్చిలో స్విట్జర్లాండునందలి సెర్న్ పరిశోధనాలయమున సమర్పించెను. ఒక పత్రములోపలి చోటును చూపుటకు ఆయన ఎన్నుకొన్నది హ్యాష్ గుర్తు. పత్రపు చిరునామా వ్రాసి, పిదప ఈ గుర్తునుంచి, ఆ తరువాత చోటు పేరు వ్రాయవలెను. ఆ గుర్తునే ఏల ఎన్నుకొంటిరని యడిగినవారికి ఆయన చెప్పిన కారణము సరళమైనది. అమెరికాలో ఉత్తరముపై చిరునామా వ్రాయునపుడు భవనము సంఖ్య వ్రాసి, ఆ భవనములోపలి వాటాను ఈ గుర్తుతో తెలుపు ఆచారము కలదు. మన ఊళ్లలో ఇంటినంబరు ప్రక్క గీత గీచి ‘బై’ నంబరు వేయుట యిట్టిదే.

ఈ పోలికలో మరియొక అంశమున్నది. తపాలాబంట్రోతు ఉత్తరమును ఇంటికి చేర్చును. లోపల ఏ గదిలోనివారికి అందవలెనో చూచుకొనుట ఇంటివారి పని. వెబ్బునందును ఇట్లే. హ్యాష్ గుర్తునకు ముందున్న భాగము మాత్రమే పత్రమును దాచిన సర్వరునకు పోవును. వెనుక భాగము చదువరి చేతనున్న బ్రౌజరు వద్దనే నిలిచి, పత్రము వచ్చిన పిదప దానిలో ఆ పేరుగల చోటును వెదకి చూపుటకు వినియోగపడును. 2005 జనవరిలో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 3986 అను ప్రమాణపత్రము ఈ నియమమును స్పష్టపరచినది. లింకులో హ్యాష్ గుర్తును, చోటు పేరును మాత్రమే యుండి పత్రపు పేరు లేకున్న యెడల, అది ప్రస్తుతము తెరచియున్న పత్రమునే ఉద్దేశించినదని గ్రహింపవలెను; పత్రమును మరల తెచ్చుటకు పోనక్కరలేదు.

పత్రములోపలి ఈ చోటును ఆంగ్లమున లంగరు అను అర్థమిచ్చు మాటతో వ్యవహరింతురు. గోదావరి మండలమువారికి రేవు అను మాట ఇంతకంటె సన్నిహితముగా తోచును. లంగరు పడవది, రేవు నేలది. పడవలు మారును, రేవు పేరు మారదు. ఇటుపై నేను రేవు అను మాటనే వాడుదును.

ఈ చిక్కును ప్రత్యక్షముగా చూచుటకై ఆత్రేయపురమును గూర్చి ఒక చిన్న ఫైలును సిద్ధపరచితిని. ఆ యూరిని ఎన్నుకొనుటకు కారణమున్నది. దాని వృత్తాంతమున ఒక ప్రకరణము మరొక ప్రకరణముపై ఆధారపడక తప్పదు. సర్ ఆర్థర్ కాటను ధవళేశ్వరము వద్ద ఆనకట్ట నిర్మాణమును 1847లో ఆరంభించి 1852లో ముగించెను. దాని నాలుగు భాగములలో ఒకదానికి ర్యాలి పేరే వచ్చినది. ఆ ర్యాలి నేటి ఆత్రేయపురము మండలములోనిది. ముందు కేశవుడుగను, వెనుక మోహినిగను మలచిన ఏకశిలామూర్తి గల ఆలయము ఆ యూరనే యున్నది. పాత ఆనకట్ట స్థానమున కట్టిన బ్యారేజి 1982లో పూర్తియైనది. మధ్యడెల్టాకు నీరిచ్చు కాలువ బొబ్బర్లంక వద్ద బయలుదేరి, లొల్ల లాకుల వద్ద పంపకమై కోనసీమ పొలములకు చేరును. బొబ్బర్లంకయు లొల్లయు ఈ మండలములోనివే. ఆ నీటితో వరి పండును. ఆ బియ్యమును నానబెట్టి రుబ్బి, పలుచని పాలవంటి పిండిలో గుడ్డను ముంచి, బోర్లించి మంట పెట్టిన కుండపై పరచి తీసినచో రేకు వచ్చును. ఆ రేకులో నేయి, పంచదార లేక బెల్లము చేర్చి మడిచినది పూతరేకు. ఆత్రేయపురపు పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది.

ఫైలులో ప్రకరణములను ఇట్లు ఏర్పరచితిని: ఊరి పేరు, నదియు ఆనకట్టయు, కాలువపై లాకులు, ర్యాలి యాలయము, పూతరేకులు. పైన విషయసూచిక. పూతరేకుల ప్రకరణమున బియ్యపు మాట వచ్చినచోట లాకుల ప్రకరణమునకు లింకు. ఈ లింకు అలంకారము కాదు. ఆ యూరి పేరుపొందిన తినుబండారమునకును, అచట పారు కాలువకును గల సంబంధమును చెప్పు వాక్యము ఆ ఫైలులో వేరుగా లేదు. లింకే ఆ వాక్యము. లింకు తెగినచో కాలువ యొకచోట, పూతరేకు మరొకచోట పడి, పరస్పరము ఎరుగని రెండు సమాచారములుగా మిగులును.

ఇంటర్నెట్టు లేని కంప్యూటరుపై ఈ ఫైలును బ్రౌజరుతో తెరచి చూచితిని. లింకులన్నియు సక్రమముగా పనిచేసినవి. వేర్వేరు హెల్ప్ వ్యూయరులతో తెరచినపుడు మూడు విధములైన వైఫల్యములు కనబడినవి. ఒకదానిలో ‘ఫైలు లేదు’ అను సందేశము వచ్చినది. రెండవదానిలో తెర ఖాళీయైనది. మూడవదానిలో పత్రము ఒక్కసారి రెపరెపలాడి మరల మొదటికే వచ్చి నిలిచినది.

మొదటి వైఫల్యము చరిత్రదృష్టితో మిక్కిలి ఆసక్తికరమైనది. దానిని కొంత వివరింపవలెను. కంప్యూటరు ఫైలులకు పేర్లు పెట్టు ఆచారము వెబ్బు కంటె చాల పూర్వమైనది. ఆ పేర్లలో హ్యాష్ గుర్తునకు ఏ ప్రత్యేకతయు లేదు. అదియు ఒక అక్షరమే. ‘వ్యాసములు’ అను మాట తరువాత ఆ గుర్తుంచి 3 అని వ్రాసి ఫోల్డరునకు పేరు పెట్టుకొనుటకు అడ్డు లేదు. వెబ్బు చిరునామాలో అదే గుర్తు సరిహద్దురాయి. ఒక రాజ్యమున సామాన్య పౌరుడైనవాడు మరొక రాజ్యమున సరిహద్దు కాపలావాడైనట్లు. సర్వరు నుండి వచ్చు పత్రమునకు మొదటినుండియు చిరునామాయే యుండును గనుక తగవు రాదు. కంప్యూటరులోనే యున్న ఫైలునకు మాత్రము మొదట ఫైలు పేరుండును. దానిని చిరునామాగా మార్చుకొనవలెను. మార్చునపుడు పేరులోని హ్యాష్ గుర్తును చిరునామాలోని సరిహద్దుగా పొరబడకుండుటకై దానిని శాతము గుర్తుతో కూడిన 23 అను సంకేతముగా వ్రాయుదురు. ఇది యుక్తమే. కాని కార్యక్రమము వ్రాసినవాడు ఈ మార్పును ఫైలు పేరునకు మాత్రమే చేయక, పేరును రేవును కలిపి మొత్తమునకు చేసినచో సరిహద్దురాయియే పేరులోని అక్షరమై పోవును. అపుడు యంత్రము ఆత్రేయపురపు ఫైలును తెరచి అందు పూతరేకుల రేవును వెదకదు. పూతరేకుల పేరు తోకగా గల వేరొక ఫైలును వెదకును. అట్టి ఫైలు లోకమున లేదు.

కావుననే ఈ లోపము స్థానిక ఫైలులకు మాత్రమే పరిమితమై, వెబ్బునందు కనబడకున్నది. స్థానిక ఫైలునకు చిరునామా వ్రాయు విధానము 1994 డిసెంబరు నాటి ఆర్.ఎఫ్.సి. 1738లోనే స్థూలముగా చెప్పబడినను, దానికి ప్రత్యేకమైన ప్రమాణపత్రము ఆర్.ఎఫ్.సి. 8089 అను పేర 2017 ఫిబ్రవరిలో గాని రాలేదు. ఇరువది రెండేండ్లకు పైబడిన ఈ అంతరమున ఎవరికి తోచినట్లు వారు వ్యవహరించుటలో ఆశ్చర్యము లేదు.

రెండవ వైఫల్యమునకు కారణము వేరు. వ్యూయరు ఫైలును తానే చదివి, అందలి పాఠమును మాత్రము చూపుయంత్రమునకు అందించి, ఆ పాఠము ఏ ఫోల్డరు నుండి వచ్చినదో తెలుపును. ఫైలు పేరు తెలుపదు. పేరులేని పాఠమున ‘ఈ పత్రములోని ఫలానా రేవు’ అను మాటకు ‘ఈ ఫోల్డరులోని ఫలానా రేవు’ అను అర్థము కలుగును. ఫోల్డరునకు రేవులుండవు. ముఖపత్రము పోయిన తాళపత్రప్రతిని చేతబట్టుకొన్న పండితుని అవస్థ యిది. మూడవదానిలో, ప్రమాణము వలదన్న పనిని యంత్రము చేయును. ప్రస్తుత పత్రములోనే కదలవలసినది పోయి, పత్రమును మరల మొదటినుండి తెచ్చి, తెచ్చునపుడు రేవు పేరును జారవిడుచును.

హెల్ప్ వ్యూయరులు బ్రౌజరుల సంతతి కాకపోవుట గూడ ఇచట గమనింపదగినది. 1980లలో గ్నూ ప్రాజెక్టువారి ఇన్ఫో అను సహాయపత్రముల పద్ధతి యుండెను. దానిలో ప్రతి ప్రకరణమునకు పేరును, ఫైలు మొదటినుండి అది యెంతదూరమున నున్నదో తెలుపు పట్టికయు నుండెడివి. ఫైలును సవరించినపుడు ఆ దూరములు తప్పును గదా! ఈమాక్సునందలి ఇన్ఫో పాఠకము పట్టికలోని దూరమును నమ్మియు నమ్మక, సుమారు వెయ్యి అక్షరములు వెనుకకు జరిగి, అటనుండి పేరును వెదకుకొనుచు వచ్చును. ప్రతిగతమైన సంఖ్యను దగ్గరకు చేరుటకు వాడుకొని, గ్రంథగతమైన పేరుతో నిర్ణయించుట! ఇంత వివేకము తరువాతి కార్యక్రమములలో అరుదు. 1990లో విండోస్ 3.0తో వచ్చిన విన్‌హెల్ప్ తనకు వేరైన ఫైలురూపమును, ప్రకరణములకు సొంత సంకేతములను కలిగియుండెను. 1997లో దాని స్థానమున హెచ్.టి.ఎం.ఎల్. హెల్ప్ వచ్చుటతో వెబ్బు చిరునామా సంప్రదాయము సహాయపత్రములలో ప్రవేశించినది. సొంత సంకేతములకు అలవాటుపడిన ఇంటికి పరాయి ఇంటినంబరు వచ్చి చేరినట్లయినది.

తెలుగు లిపి విషయమున ఈ చిక్కు ఇంకొక మడత పడును. 1999 డిసెంబరున వెలువడిన హెచ్.టి.ఎం.ఎల్. 4.01 ప్రమాణము రేవునకు పెట్టు ఐడి రోమను అక్షరముతో మొదలు కావలెననియు, రోమను అక్షరములు, అంకెలు, కొన్ని చిహ్నములు తప్ప అందుండరాదనియు విధించినది. అనగా పత్రమంతయు తెలుగున వ్రాయవచ్చును గాని, అందలి చోటునకు తెలుగుపేరు పెట్టరాదు. యూనికోడున తెలుగునకు 1991లోనే స్థానము దొరకినను, ఈ నిషేధము 2014 అక్టోబరున హెచ్.టి.ఎం.ఎల్. 5 ప్రమాణముగా స్వీకృతమగువరకు ఉండెను. ఈ మధ్యకాలమున తెలుగుపేర్లను ఒక విధమైన గూఢలిపిలో వ్రాసిరి. ‘ఆత్రేయపురం’ అను మాటలో యూనికోడు లెక్కన పది సంకేతములున్నవి. యు.టి.ఎఫ్. 8 పద్ధతిలో ఒక్కొక్కదానికి మూడు బైట్లు, ఒక్కొక్క బైటునకు శాతము గుర్తుతో కలిపి మూడక్షరములు. వెరసి తొంబది యక్షరములు. కంటికింపైన ఊరిపేరు తొంబది రోమను అక్షరముల గొలుసైనది.

2003 డిసెంబరున ఆరంభమైన తెలుగు వికీపీడియాలో విభాగముల రేవులు చిరకాలము ఇట్టి గూఢలిపిలోనే యుండెను. శాతము గుర్తునకు బదులు చుక్క నుంచెడివారు. మీడియావికీ సాఫ్టువేరునందు 2017లో వచ్చిన మార్పుతో రేవులకు తెలుగుపేర్లే నేరుగా రా వీలైనది. ఆ సందర్భమున వారు చేసిన పనియొకటి మన పరిష్కర్తలు అనుసరింపదగినది. క్రొత్త రేవును పెట్టినపుడు పాత రేవును తొలగింపలేదు. ఒకే చోటునకు రెండు పేర్లను నిలిపి, పూర్వము వ్రాసిన లింకులు వ్యర్థము కాకుండ చూచిరి. బ్రౌను రెండవ వేమన కూర్పున ప్రతిపద్యము ప్రక్కను మొదటి కూర్పులోని సంఖ్య కూడ ఉన్నచో నెంత మేలైయుండెడిదో యూహించునది.

ఇంకను సూక్ష్మమైన చిక్కులున్నవి. నా ఫైలులోని ‘కాలువపై లాకులు’ అను శీర్షికలోని ఐత్వమును చూడుడు. యూనికోడునందు దానిని ఒక్క సంకేతముగ వ్రాయవచ్చును. ఎత్వమును, ఐత్వపు క్రిందిగుర్తును కలిపి రెండు సంకేతములుగ వ్రాయవచ్చును. కంటికి రెండును ఒక్కటే. రేవు పేర్లను పోల్చు యంత్రము కంటితో చూడదు, సంకేతములను చూచును. సూచికలో ఒక రూపము, శీర్షికలో మరొక రూపము పడినచో లింకు పనిచేయదు. ఎంత పరికించి చూచినను అక్షరదోషము కనబడదు. పొల్లు విడిగా నిలుచుటకై ఉంచు కనబడని సంకేతము కూడ ఇట్టిదే. ఇక ఆత్రేయపురం, ఆత్రేయపురము అను రూపభేదము మనకు ప్రత్యయభేదమాత్రము. యంత్రమునకు అవి రెండు ఊళ్లు. శీర్షికల నుండి రేవుపేర్లను తామే కల్పించు కొన్ని సాధనములు రోమనుగాని అక్షరముల నన్నింటిని తొలగించును. శీర్షిక యంతయు తెలుగైనచో మిగులునది శూన్యము గనుక ఐడి 1, ఐడి 2 అని వరుససంఖ్యలు వేయును. నడుమ ఒక ప్రకరణము చేర్చినచో సంఖ్యలన్నియు జరిగి, ఆలయమును కోరిన చదువరిని లాకులకు చేర్చును. 1829, 1839 నాటి వేమన సంఖ్యల కథయే ఇది.

పనిచేయని లింకు వలన వచ్చు నష్టమెంత? వేలితో జరుపుకొనుచు పోయినచో ప్రకరణము దొరకదా? అని కొందరందురు. దొరకును, ఉన్నదని తెలిసినవానికి. ఫైలు లేదని చెప్పు యంత్రము కనీసము లోపమును ఒప్పుకొనుచున్నది. మొదటిపుటలో మౌనముగా నిలుచు యంత్రము వలన కలుగు హాని వేరు. ఆ ప్రతిని చూచిన ఆత్రేయపురపు పెద్ద యొకరు సూచికలో లాకుల పేరును రెండుమార్లు నొక్కి, తెర కదలకపోవుటచే, “పేరు పెట్టారు గానండి, లోపల లాకుల సంగతేం రాయలేదండి” అనిరి. ఆయన తెలివితక్కువవాడు కాడు; ఆ లాకుల నీటితో వ్యవసాయము చేసినవాడు. సూచిక పిలిచినది, పత్రము పలుకలేదు. లేదని తీర్మానించుట సహజము. పరిశోధనమున ఆకరము చూపినచోట విషయము కనబడనిచో మనమును అట్లే తీర్మానింతుము; రచయిత ప్రామాణ్యమును శంకింతుము. ఒక ఊరివారు తమ ఊరిచరిత్రను చదువుకొనుటకు ఉన్నది అట్టి ఫైలొక్కటే యైనచో, అందు చూపలేని చోటు వారికి చరిత్రలో లేని చోటే.

స్థలనిర్దేశమున ఆధారము మారుట ఎట్టిదో తెలుపుటకు ఆత్రేయపురపు చిరునామాయే చాలును. 1859 వరకు అది రాజమండ్రి జిల్లాలోనిది. పిదప గోదావరి జిల్లాలోనిది. 1925 నుండి తూర్పు గోదావరి జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ నుండి కోనసీమ జిల్లాలోనిది. ఊరు కదలలేదు. జిల్లాపేరును బట్టి దస్త్రములను వెదకువాడు నాలుగు అరలను తెరువవలెను.

గ్రామచరిత్రలను ఫైలులుగా సిద్ధపరచు విద్యార్థులు నన్ను అడుగుచున్నందున ఆచరణమును గూర్చి రెండు మాటలు. రేవుపేరును శీర్షిక నుండి యంత్రము కల్పించునట్లు విడువక, రచయితయే పెట్టవలెను. ప్రస్తుతమునకు దానిని రోమను అక్షరములలో పొట్టిగా నుంచుట క్షేమము. తెలుగుపేరును పెట్టుటకు ప్రమాణము ఒప్పుకొన్నను పాత వ్యూయరులు ఒప్పుకొనవు. ఒకసారి పెట్టిన పేరును శీర్షిక మారినను మార్చరాదు. ఫైలు పేరులోను, ఫోల్డరు పేరులోను హ్యాష్ గుర్తును వాడరాదు. అన్నింటికంటె ముఖ్యముగా, లింకును నొక్కినగాని తెలియని నిర్దేశము ఒక్కటియు నుండరాదు: ‘ఇచట చూడుము’ అని వ్రాయక ‘3వ ప్రకరణము, కాలువపై లాకులు’ అని చదువరి కంటికి కనబడునట్లు వ్రాయవలెను. ఆత్రేయపురపు ఫైలును ఈ విధముగ సవరించి ఆ పెద్దకే మరల ఇచ్చితిని. ఆయన వాడు వ్యూయరులో లింకు ఇప్పటికిని పత్రము మొదటికే పోవుచున్నది. ఆయన మాత్రము 3 అంకె కనబడువరకు జరుపుకొని లాకుల ప్రకరణమును చదివి, లొల్ల వద్ద విడిపోవు కాలువల పేర్లలో ఒకదానిని విడిచితినని తెలిపిరి.